పాస్టరమ్మ ఎవరికి చెప్పుకోవాల?

ఉదయగిరి పెద్దమ్మది ఒకటే మాట: "అక్కర్లేదు." ఆత్మకూరు పాస్టరమ్మదీ ఒకటే మాట: "కావాల."

సేవలో ఉన్న ఆడవాళ్లకు తమకంటూ ఒక సహవాసం ఉండాలా, వద్దా అన్నది వాళ్ల తగువు. సేవలో ఉన్నవాళ్లంటే పాస్టర్ల భార్యలు, బైబిలు స్త్రీలు, స్త్రీల కూటాలు నడిపేవాళ్లు, అక్కడక్కడా తామే సంఘం కట్టుకుని వాక్యం చెబుతున్న స్త్రీ పాస్టర్లు. ఈ ఇద్దరూ ఫలానా ఊళ్లో ఫలానా ఇంట్లో దొరికే మనుషులు కారు. నెల్లూరు జిల్లా పడమటి మండలాల్లో వినబడే రెండు వాదాలకు ఇక్కడ రెండు గొంతులిచ్చాం, అంతే. పెద్దమ్మ బాప్టిస్టు సంఘంలో బైబిలు స్త్రీగా చేసి రిటైరయిన మనిషి అనుకోండి. పాస్టరమ్మ ఒక ఇండిపెండెంట్ సంఘ కాపరి భార్య, వయసు ముప్పై అయిదు. వాళ్లు ఒకరిమీదొకరు విసురుకునే చరిత్ర మాత్రం కల్పన కాదు.

అమెరికన్ బాప్టిస్టు మిషను నెల్లూరు చేరింది 1840లో. ఉదయగిరిలో 1885లోనూ, ఆత్మకూరులో 1893లోనూ మిషను స్టేషన్లు పడ్డాయి. అప్పట్లో ఈ పక్క మందిరమంటే బాప్టిస్టు మందిరమే. ఇప్పుడు అదే వీధిలో పెంతెకొస్తు, బ్రదరెన్, ఇండిపెండెంట్ మందిరాలు వరసగా కనిపిస్తాయి. ఎందులోకి తొంగిచూసినా పట్టల మీద కూర్చున్నవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ, మైకు దగ్గర నిలబడేవాళ్లలో మగవాళ్లే ఎక్కువ.

"ఉన్న కూటాలు చాలవా తల్లీ?" అని మొదలుపెడతారు పెద్దమ్మ. "బాప్టిస్టులకి స్త్రీల సమాజం ఉండాది. సి.ఎస్.ఐ. వాళ్లకి స్త్రీల మైత్రి ఉండాది. నవంబరు మొదటి సోమవారం ప్రపంచమంతా బాప్టిస్టు ఆడోళ్లు కూడి ప్రార్థన చేస్తారు. మార్చి మొదటి శుక్రవారం అన్ని సంఘాల ఆడోళ్లు చేస్తారు. ఇంకా మీకు ఇంకో కూటం పెట్టి, దానికో పేరు పెట్టి, ఫ్లెక్సీ కట్టి... ఏందమ్మా ఇదంతా?"

"ఆ కూటాలన్నిట్లో నేను ఏ పక్క కూర్చుంటానో చెప్పండి పెద్దమ్మా."

"ముందర."

"అదే నా బాధ."

పాస్టరమ్మ చెప్పదలచింది అర్థం కావాలంటే ఆమె ఆదివారం చూడాలి. తెల్లారకముందే మందిరం ఊడ్చి పట్టలు పరుస్తుంది. మైకు పెట్టే కుర్రాణ్ని లేపుతుంది. పిల్లలకు సండే స్కూలు. పాటలకు డోలకు వాయించేవాడు రాకపోతే చప్పట్లతో తనే ఎత్తుకుంటుంది. వాక్యానికి బయటి ఊరి నుంచి దైవజనుడు వస్తే మధ్యాహ్నం కోడికూర ఆమె పనే. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర నిలబడి అందరికీ వందనాలు చెబుతుంది. అక్కడే అసలు సేవ మొదలు. ఒకామె మొగుడు మళ్లీ తాగొచ్చాడు. ఇంకొకామెకు స్కానింగులో గడ్డ కనబడింది. ఒక పిల్లకు సంబంధం తప్పిపోయింది. "ప్రార్థన చెయ్యండమ్మగారూ" అని ఒక్కొక్కరు చెయ్యి పట్టుకుని చెప్పుకుంటారు. ఆమె అన్నీ విని కడుపులో దాచుకోవాలి. ఆమె కొత్త చీర కడితే కానుకల డబ్బేమో అంటారు. పాత చీర కడితే పాస్టరుగారికి విశ్వాసం చాలడం లేదంటారు. మరి ఆ ఇంట్లోనే బియ్యం లేవనుకోండి, లేదా భర్తకూ ఆమెకూ మాటల్లేవనుకోండి, ఎవరికి చెబుతుంది? సంఘంలో చెబితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. పుట్టింటికి చెబితే సేవ మానుకోమంటారు. భర్తకు చెబుదామంటే, సగం బాధ ఆయనే.

పెద్దమ్మకు ఇవన్నీ తెలియవని కాదు. ఆమె జవాబు కొంచెం కరుకు. "మోకాళ్లమీద దేవుడికి చెప్పుకోవాల. మేమట్టానే చేసినాం. ఉదయగిరిలో స్టెయిట్ దొరసాని ఉండింది, డాక్టరమ్మ. ఈ కొండ కింద ఎండలో రోగుల్ని చూసుకుంటా బతికింది. ఆమెకి ఏ సహవాసం ఉండిందని?"

ఇక్కడ పాస్టరమ్మ పట్టు బాగా దొరకబుచ్చుకుంది. "దొరసానుల వెనక అమెరికాలో ఆడవాళ్లు లేరా పెద్దమ్మా? బోస్టన్లో బాప్టిస్టు ఆడవాళ్లు 1871లో సొసైటీ పెట్టుకున్నారు. ఇక్కడ ఆడవాళ్ల మధ్య జరిగే పనికి డబ్బు పంపడానికీ, ఉత్తరాలు రాయడానికీ, పేరుపెట్టి ప్రార్థన చెయ్యడానికీ ఆ ఏర్పాటు. మరి ఆ దొరసాని పక్కన ఎండలో నడిచిన మన బైబిలు స్త్రీకి ఉత్తరం ఎవరు రాసినారు?"

న్యాయమైన దెబ్బే. ఒంగోలు ప్రార్థన కొండ కథ దీనికి మంచి సాక్ష్యం. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఐదుగురు ఆ కొండెక్కారు. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోదే. లైమన్ జువెట్, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు అనే ఆయన, రూతు, నెల్లూరు జూలియా. ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన చేశారు. పన్నెండేళ్ల తర్వాత జాన్ క్లౌ ఒంగోల్లో కాపురం పెట్టడం, 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇవ్వడం, ఇవన్నీ ఆ ప్రార్థనకు జవాబని బాప్టిస్టులు ఈనాటికీ చెప్పుకుంటారు. ఐదుగురిలో ముగ్గురు ఆడవాళ్లు. ప్రసంగాల్లో వినబడే పేరు జువెట్ ఒక్కడిదే.

"జూలియా కొండెక్కింది ప్రార్థనకి, పేరు కోసం కాదు" అంటారు పెద్దమ్మ, కొంచెం కోపంగా. ఆ తర్వాత తన అసలు భయం బయటపెడతారు. "నీకు పౌలు ఫిలిప్పీకి రాసిన పత్రిక తెలియందా? యువొదియ, సుంటుకే. ఇద్దరూ సువార్త కోసం ప్రయాసపడిన ఆడోళ్లే. ఇద్దరికీ పొసగలేదు. ఏకమనసుతో ఉండండమ్మా అని పౌలు బతిమాలుకోవాల్సొచ్చింది. నాయకురాళ్లు నలుగురు ఒకచోట చేరితే ఏమవుతుందో నేను చూడలేదా? మొదటి నెల కన్నీళ్లు, రెండో నెల రహస్యాలు, మూడో నెల ఆ రహస్యాలు వాట్సాప్‌లో. ఆమీదట మాల కూటం ఒకటి, మాదిగ కూటం ఒకటి. ఆమీదట ఎవరో ఒకామె 'రాష్ట్ర అధ్యక్షురాలు' అని కార్డు కొట్టించుకుంటుంది."

"యువొదియను చూపించినవాళ్లు ఎలీసబెతును ఎందుకు దాటేస్తారు? మరియ కొండసీమకి ఎందుకు పోయింది? ఆ మాట చెప్పుకోడానికి ఊళ్లో ఎవరూ లేకనే గదా. మూణ్నెల్లు ఆమె ఇంట్లో ఉండింది."

"మరియ ఒక్కామె దగ్గరికి పోయింది. ఇరవై మందిని పోగెయ్యలా."

పెద్దమ్మ ఈ మాట వాదంలో గెలవడానికే అన్నారు. కానీ కొలత మాత్రం సరిగ్గా చెప్పేశారు. ఇటువంటి సహవాసాలు చాలాచోట్ల ఆరంభ శూరత్వంతో చెడతాయి. నూరు మందితో సభ పెట్టి, పెద్ద వక్తను పిలిచి, బిర్యానీ పొట్లాలు పంచి, గ్రూపు ఫొటో దిగితే సహవాసం అయిపోయిందనుకుంటారు. నూరు మందిలో ఎవరూ నోరు విప్పి తమ ఇంటి సంగతి చెప్పరు. ఆరుగురిలో చెబుతారు.

తగువు ఇక్కడ ఆగేదే. పెద్దమ్మ దూబగుంట ఎత్తకపోతే.

దూబగుంట కలిగిరి మండలంలో ఉంది, ఉదయగిరికి దూరమేమీ కాదు. 1991లో జిల్లా అంతటా అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రి బడుల్లో ఆడవాళ్లు చదువుకున్న వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం, ఊళ్లోంచి సారాను తరిమిన ఆడవాళ్ల కథ. దూబగుంట ఆడవాళ్లు అది చదివారు. చదివి ఊరుకోలేదు, తమ ఊరి సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు జరగనీయకుండా ఆడవాళ్లు అడ్డుపడ్డారు. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధమయింది. 1995 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. రెండేళ్లకే అది పోయిందనుకోండి, అది వేరే కథ.

"చూసినావా" అంటారు పెద్దమ్మ. "వాళ్లేమీ 'మనం ఒకరికొకరు తోడుగా ఉందాం రండి' అని కూటం పెట్టుకోలా. పని పెట్టుకున్నారు. సారా అంగడి ముందర కలిసి కూర్చున్నారు. తోడు దానంతటదే వొచ్చింది. బాధలు చెప్పుకోడానికి చేరినోళ్లు బాధలే చెప్పుకుంటారు. పని చెయ్యడానికి చేరినోళ్లు బాధ కూడా తీర్చుకుంటారు."

పాస్టరమ్మ వెంటనే ఒప్పుకోలేదు. "అంగడి ముందర కూర్చునే ముందు వాళ్లు ఎక్కడ కూర్చున్నారు పెద్దమ్మా? రాత్రి బడిలో. లాంతరు పెట్టుకుని, మొగోళ్లు లేనిచోట, తోటి ఆడోళ్ల ముందర తప్పులు చదవడానికి సిగ్గుపడకుండా. ఆ బడి లేకపోతే ఆ అంగడి మూతపడేదా? నేనడిగేది ఆ బడి. తప్పు చదివినా నవ్వనిచోటు."

ఇద్దరూ ఒకే ఊరిని సాక్ష్యం పెట్టి రెండు మాటలు చెప్పారు. ఈ వ్యాసకర్తకు రెండూ నిజమే అనిపిస్తాయి. కానీ వరస పాస్టరమ్మ చెప్పిందే. ముందు బడి, తర్వాత అంగడి.

బైబిలు చదివించే ఆడవాళ్లు కలిసి ఉండే చోటు అన్నది తెలుగు క్రైస్తవంలో కొత్త ఆలోచనా కాదు. గుంటూరు ప్రాంతంలో పుట్టి రాజమండ్రి షార్లెట్ స్వెన్సన్ స్మారక బైబిలు శిక్షణ పాఠశాలకు ప్రిన్సిపాల్‌గా చేసిన బి.వి. సుబ్బమ్మ, అందరి ఎదుట విశ్వాసం ఒప్పుకోలేని స్త్రీలకు ఆశ్రమాలే దారి అని వాదించారు. ఇల్లు వదిలి కొన్ని రోజులు ఒకచోట ఉండి, వండుకుని తిని, చదువుకుని, మాట్లాడుకునే పద్ధతి. ఆమె చూసింది కొత్తగా విశ్వాసంలోకి వచ్చిన ఇల్లాళ్ల ఒంటరితనం. పాస్టరమ్మల ఒంటరితనం దానికి అక్కచెల్లెలే.

పదవి పెరిగేకొద్దీ ఈ ఒంటరితనం తగ్గుతుందా? ఎగ్గోని పుష్పలలితను చూడండి. కర్నూలు జిల్లా పల్లెలో పుట్టిన మనిషి. 2013 సెప్టెంబరులో నంద్యాల డయోసిస్‌కు బిషప్పయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో (సి.ఎస్.ఐ.) మొట్టమొదటి స్త్రీ బిషప్. ఆ సంఘం ఏర్పడింది 1947లో, అంటే ఆ గద్దె మీద ఒక స్త్రీ కూర్చోవడానికి అరవై ఆరేళ్లు పట్టింది. ఆనాడు పేపర్లన్నీ ఆ గెలుపు రాశాయి. ఇంకో సంగతి కూడా ఉంది. ఇరవైకి పైగా డయోసిస్‌లున్న సంఘంలో అప్పుడు బిషప్పులు సమావేశమైతే ఆ గదిలో ఆడమనిషి ఆమె ఒక్కరే ఉండేవారు. పాలనలో ఒక చిక్కు వచ్చి, ఇంకో స్త్రీ బిషప్‌ను సలహా అడుగుదామంటే ఆ సంఘంలో అడగడానికి మనిషే లేకపోయింది.

"అట్టాంటామెకే లేదంటే మనకెందుకు వస్తుంది" అని పెద్దమ్మ. "అట్టాంటామెకే లేదు కాబట్టే" అని పాస్టరమ్మ.

ఇక వాదం డబ్బు దగ్గరికి వచ్చింది. వచ్చి తీరాలి. ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ప్రకటించింది. జాబితాకు ఎక్కేది పాస్టరు పేరు, పక్కన అంతే పని చేసే భార్య పేరు కాదు. పాస్టరు చనిపోతే పెద్ద సంఘాల్లో క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఇండిపెండెంట్ సంఘాల్లో అయితే వారం తిరక్కముందే మందిరం ఎవరిదన్న తగువు లేస్తుంది. ఇరవై ఏళ్లు 'అమ్మగారూ' అనిపించుకున్న మనిషి ఒక్క నెలలో ఎవరికీ ఏమీ కాకుండా పోతుంది. స్త్రీల సహవాసం గురించి సభల్లో తియ్యగా మాట్లాడేవాళ్లు ఈ విధవరాలి అద్దె సంగతి ఎత్తరు.

పెద్దమ్మ ఇక్కడ మెత్తబడ్డారు. కానీ షరతు పెట్టారు. "పొదుపు పెట్టండి. పెట్టకపోతే నేను రాను."

సారా పోరాటం తర్వాత నెల్లూరు జిల్లాలోనే పుట్టింది పొదుపులక్ష్మి. రోజుకు రూపాయి, నెలకు ముప్పై. రూపాయి విలువ ఎంతైనా కానీ, నెలనెలా ఆడవాళ్లను ఒకచోట కూర్చోబెట్టింది ఆ రూపాయే. దీనికి క్రైస్తవ చరిత్రలోనూ అక్కలున్నారు. అమెరికాలో మెథడిస్టు స్త్రీలు 1869లో సొసైటీ పెట్టినప్పుడు వాళ్ల లెక్క వారానికి రెండు సెంట్లు, ఒక ప్రార్థన. మిజోరంలో ప్రెస్బిటేరియన్ ఆడవాళ్లు 1910 నుంచి పూటపూటకూ వండే ముందు పిడికెడు బియ్యం తీసి పక్కన పోస్తున్నారు. మన సంఘాల్లోనూ గుప్పెడు బియ్యం డబ్బా ఎరగని విశ్వాసురాలు తక్కువ.

పాస్టరమ్మకు డబ్బంటే భయం. "డబ్బు పెడితే లెక్కలు, లెక్కలు వస్తే అనుమానాలు. వారం వారం ఇంటిమీదికొచ్చే మైక్రోఫైనాన్సు వాళ్లతో మా సంఘం ఆడోళ్లు పడేది చాలదా?"

"అప్పు ఇచ్చే సంఘం వొద్దు. అద్దె ఇచ్చే సంఘం పెట్టు. ఒక పాస్టరు చనిపోతే ఆ ఇంటికి ఆర్నెల్లు బియ్యం, అద్దె. ఒక పిల్లకి ఇంటర్ ఫీజు. అంతకి మించి ముట్టుకోవద్దు. డబ్బు లేని సహవాసానికి మూడో నెల ఎవరూ రారమ్మా, బస్సు చార్జీ దండగని."

ఈ విషయంలో పెద్దమ్మే రైటు. కన్నీళ్లతో కట్టిన కూటం కన్నీళ్లున్నంతసేపే ఉంటుంది.

రహస్యం విషయంలో మాత్రం పాస్టరమ్మ మాట దాటడానికి లేదు. ఈ ప్రాంతపు సంఘాల్లో రహస్యమంటే మొగుడూ పెళ్లాల గొడవొకటే కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా ఉండదు, రాష్ట్రంలో బీసీ-సీ కింద లెక్క. ఎవరి సర్టిఫికెట్లో ఏముందన్న మాట ఒక గదిలోంచి బయటికొస్తే ఒక పిల్లవాడి సీటే పోవచ్చు. అందుకే ఆమె నియమాలు మూడే, మూడూ కటువైనవే. ఒకే సంఘం నుంచి ఇద్దరు రాకూడదు. గదిలో ఫోన్లుండకూడదు. అక్కడ విన్నది ప్రార్థన పేరుతో కూడా ఇంకోచోట చెప్పకూడదు. "ప్రార్థన అంశం" అన్న ముసుగులో ఎన్ని ఇళ్ల గుట్లు వీధిన పడ్డాయో సంఘాల్లో తిరిగినవాళ్లకు తెలుసు.

"బ్రదరెన్ ఆడోళ్లు ముసుగేసుకుని మౌనంగా కూర్చుంటారు. పెంతెకొస్తోళ్లు గట్టిగా భాషలు మాట్లాడతారు. ఇద్దర్నీ ఒక గదిలో ఎట్టా కూర్చోబెడతావు?" పెద్దమ్మ చివరి అస్త్రం ఇది.

"వాక్యం చెప్పుకోడానికి కాదు గదా చేరేది. ఆడది మైకు పట్టుకోవచ్చా లేదా అన్నది మా మందిరాల్లో తేల్చుకుంటాం. గదిలోకి వచ్చేముందు దాన్ని చెప్పులతో బయటే విడుస్తాం."

"విడిచేస్తారా?"

"విడవకపోతే మీరు ఉంటారు గదా, తిట్టడానికి."

పెద్దమ్మ నవ్వారు కానీ, 'సరే' అనలేదు. పేరు పెట్టకూడదు, అధ్యక్షురాలుండకూడదు, ఫ్లెక్సీ కట్టకూడదు, ఆరుగురు దాటితే ఇంకో గది చూసుకోవాలి అని తన నియమాలు కూడా కలిపారు. ఒప్పుకున్నట్టా, లేదా? పెద్దమ్మను ఎరిగినవాళ్లు ఒప్పుకున్నట్టే అంటారు. పౌలు రోమా పత్రిక చివరి అధ్యాయంలో ఫీబే, ప్రిస్కిల్ల, మరియ, పెర్సిసు అని ఒక్కొక్కరి పేరూ రాసి తలుచుకున్నాడని గుర్తుచేసింది మాత్రం ఆమే. పదవుల జాబితా కాదది, కలిసి ప్రయాసపడ్డవాళ్ల జాబితా.

ఇది చదువుతున్న సంఘ పెద్దలకు ఒక మనవి. మీ పాస్టరమ్మకు శాలువా కప్పకండి, సన్మానం పెట్టకండి. నెలకొక సోమవారం ఆమెకు ఆత్మకూరుకో, ఉదయగిరికో పోయివచ్చే బస్సు చార్జీ ఇవ్వండి. ఆ రోజు వచ్చిపోయే విశ్వాసులను మీ ఇళ్లలో ఎవరైనా చూసుకోండి. తిరిగి వచ్చాక ఎక్కడికి పోయారమ్మా, ఏం మాట్లాడుకున్నారమ్మా అని అడక్కండి.